నడిస్తే ఆక్సిజన్ ఎంత పడిపోతోంది? నడక పరీక్ష ఎలా చేయాలి, ఎంత ఆక్సిజన్ పెట్టాలో ఎలా తేల్చాలి

కూర్చున్నప్పుడు వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 95 శాతం చూపించిన మనిషికి నాలుగు నిమిషాలు నడిచేసరికి అదే అంకె 83కి దిగిపోవచ్చు. ఊపిరితిత్తుల జబ్బుల్లో ఇది అరుదేం కాదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఐఎల్‌డీ రకం జబ్బుల్లో అయితే మరీ మామూలు. అయినా చాలామంది ఫైల్లో ఉండేది కుర్చీలో కూర్చున్నప్పటి అంకె ఒక్కటే. దాన్ని చూసుకుని కొందరు "నాకేం, బాగానే ఉంది" అనుకుంటారు, బాత్రూమ్ దాకా వెళ్లొచ్చి అరగంట రొప్పుతారు. ఇంకొందరు ఆయాసం వచ్చిందంటే ఆక్సిజన్ తగ్గినట్టే అనుకుని, అవసరం లేకపోయినా సిలిండర్‌కి కట్టుబడి ఇంట్లోనే ఉండిపోతారు. ఈ రెండు రకాల వాళ్లకీ జవాబు ఒకటే: నడిపించి చూడాలి. అది కూడా రోజూ మీరు ఎలా నడుస్తారో అలాగే, మీరు వాడబోయే ఆక్సిజన్ మిషన్‌తోనే.

నడిస్తే ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో ఒక్క ముక్క తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక ఎర్రరక్తకణం ఊపిరితిత్తిలోని సన్నటి రక్తనాళం దాటడానికి సుమారు 0.75 సెకను పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తిలో అందులో మూడో వంతు సమయానికే కణం ఆక్సిజన్ నింపేసుకుంటుంది, మిగతాదంతా మిగులే. నడక మొదలుపెట్టగానే గుండె వేగం పెరుగుతుంది, రక్తం వడిగా పారుతుంది, ఆ మిగులు సమయం కరిగిపోతుంది. గాలి గదుల గోడలు మందమైన వాళ్లకి ఆ కాస్త టైమ్‌లో ఆక్సిజన్ లోపలికి చేరదు, సగం నిండిన కణాలు ముందుకు వెళ్లిపోతాయి. గాలి గొట్టాలు ఇరుకైపోయే సీఓపీడీ అనే జబ్బులో దారి కొంచెం వేరు. గాలి సరిగా ఆడని భాగాలకు కూడా రక్తం వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తుంది. ఏ దారైనా, కుర్చీలో కూర్చుంటే ఈ లోపం బయటపడదు.

ముందు ఏ పరీక్షో తేల్చుకోండి

ఎక్కువ చోట్ల చేసేది ఆరు నిమిషాల నడక పరీక్ష. చదునైన నేల మీద ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో చూస్తారు, ఆ నడకలో ఆక్సిజన్ ఎంతదాకా పడిందో రాసుకుంటారు. దీని మూలం పరుగు పరీక్షలో ఉంది. 1968లో కెన్నెత్ కూపర్ అమెరికా వాయుసేన సిబ్బంది దమ్ము కొలవడానికి 12 నిమిషాల పరుగు పెట్టాడు. 1976లో మెక్‌గావిన్ బృందం దాన్ని క్రానిక్ బ్రాంకైటిస్ (ఏళ్ల తరబడి దగ్గు, కఫం ఉండే జబ్బు) రోగుల కోసం 12 నిమిషాల నడకగా మార్చింది. ఊపిరాడని మనిషిని 12 నిమిషాలు నడిపించడం కష్టమే కదా! 1982లో బట్లాండ్ బృందం 2, 6, 12 నిమిషాల నడకలను పోల్చి చూశాక ఆరు నిమిషాలు నిలబడింది. 2002లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ దీనికి పద్ధతి రాసింది, 2014లో యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీతో కలిసి ఇంకా కచ్చితం చేసింది.

రెండోది షటిల్ నడక. 10 మీటర్ల దారిలో బీప్ శబ్దానికి తగ్గట్టు అటూ ఇటూ నడవాలి, బీప్‌ల మధ్య సమయం నిమిషం నిమిషానికీ తగ్గుతూ పోతుంది. ఇందులోనే వేగం మారకుండా ఎంతసేపు నడవగలరో చూసే ఇంకో రకం కూడా ఉంది. ఆక్సిజన్‌తో, ఆక్సిజన్ లేకుండా పోల్చడానికి ఈ రెండో రకం చాలా పనికొస్తుంది, ఎందుకంటే వేగం మనిషి చేతిలో ఉండదు. ఆరు నిమిషాల నడకలో ఆయాసం రాగానే మనకు తెలియకుండానే వేగం తగ్గించేస్తాం, దాంతో అంకె కూడా అంతగా పడదు.

మూడోది ఒక నిమిషం పాటు కుర్చీలోంచి లేచి కూర్చోవడం. వరండా లేని చోట, మనిషి ఎక్కువ నడవలేనప్పుడు ఇది చేస్తారు. దీని గురించి చివర్లో చెబుతాను. ట్రెడ్‌మిల్ మాత్రం ఆరు నిమిషాల నడకకి బదులు కాదు. అలవాటు లేని వాళ్లు దాని మీద తక్కువ దూరం నడుస్తారు, పైగా పడిపోతామేమోనన్న టెన్షన్ వేరే.

ఎవరిని నడిపించకూడదు

గత నెల రోజుల్లో గుండెపోటు వచ్చినా, అదుపులో లేని ఛాతీనొప్పి ఉన్నా ఈ పరీక్ష వద్దు. కూర్చున్నప్పుడే నాడి 120 దాటినా, బీపీ పైది 180, కిందది 100 దాటినా ముందు డాక్టర్ చూసి సరేననాలి. జ్వరం, కఫం రంగు మారడం, ఆయాసం ఉన్నట్టుండి పెరగడం లాంటివి ఉంటే వాయిదా వేయించుకోండి. జబ్బు తిరగబెట్టినప్పుడు వచ్చిన అంకె ఆ వారానికే పనికొస్తుంది, ఏడాది పొడవునా వాడాల్సిన ఆక్సిజన్‌ని దాన్నిబట్టి నిర్ణయించకూడదు. కూర్చున్నప్పుడే ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటే ఆక్సిజన్ లేకుండా నడిపించరు. నేరుగా ఆక్సిజన్ పెట్టే మొదలుపెడతారు.

పరీక్ష రోజు ఎలా వెళ్లాలి

రోజూ వేసుకునే మందులు, ఇన్‌హేలర్లు ఏవీ మానకండి. పరీక్ష కదా అని ఉదయం మందు ఆపేసి వచ్చేవాళ్లు ఉంటారు. అలా వస్తే మందు లేనప్పుడు మీరెలా ఉంటారో తెలుస్తుంది తప్ప, రోజూ ఎలా ఉంటారో తెలియదు. ఇన్‌హేలర్ ఎన్ని గంటలకు తీసుకున్నారో మాత్రం గుర్తుపెట్టుకుని చెప్పండి, ఈసారి ఎప్పుడు తీసుకున్నారో వచ్చేసారి కూడా అలాగే తీసుకోవాలి. కడుపు మాడ్చుకోనక్కర్లేదు, తేలిగ్గా తినండి. పరీక్షకి ముందు రెండు గంటలు గట్టి శ్రమ వద్దు. పార్కింగ్ నుంచి పరుగున వచ్చి వెంటనే నడకకి నిలబడకూడదు.

బట్టలు వదులుగా, చెప్పులు రోజూ నడిచేవే. కర్ర పట్టుకుని నడిచే అలవాటుంటే కర్రతోనే, వాకర్ అయితే వాకర్‌తోనే నడవండి. "పరీక్షలో కర్ర పట్టుకుంటే బాగోదేమో" అని పక్కన పెట్టకండి. గోళ్లకు రంగు ఉంటే చెరిపేసి వెళ్లండి. ఇంట్లో మోసుకెళ్లే చిన్న ఆక్సిజన్ మిషన్ ఉంటే ఫుల్ ఛార్జ్ చేసి, ముక్కుకి పెట్టుకునే గొట్టం (కాన్యులా)తో సహా వెంట తీసుకెళ్లండి. ఇది చాలామంది మరిచిపోయే విషయం, కానీ పరీక్షంతటికీ కీలకం అక్కడే ఉంది. ఎందుకో ఆక్సిజన్ లెక్క దగ్గరికి వచ్చాక చెబుతాను.

ఇంకో చిన్న కాగితం కూడా రాసుకెళ్లండి: రోజులో ఏ పని దగ్గర ఆయాసం ఎక్కువగా వస్తోంది, స్నానమా, మెట్లా, వంగి చెప్పులు వేసుకోవడమా? డాక్టర్ రిపోర్ట్ చూస్తున్నప్పుడు ఆ కాగితం కూడా పక్కన ఉంటే అంకెలకి అర్థం వస్తుంది.

ఆక్సీమీటర్‌ని గుడ్డిగా నమ్మకండి

పరీక్ష మొత్తం వేలికి తగిలించిన ఆ చిన్న క్లిప్ మీద ఆధారపడి ఉంటుంది. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం. ఆక్సీమీటర్ వేలి గుండా రెండు రకాల కాంతి పంపుతుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఆ కాంతిలో వచ్చే మార్పుని బట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం లెక్కగడుతుంది. నాడి దానికి సరిగా అందకపోతే లెక్క తప్పుతుంది. చల్లబడిన వేళ్లు, ఊగుతున్న చెయ్యి, గట్టిగా బిగించిన బీపీ పట్టీ, గోళ్ల రంగు ఇవన్నీ దాన్ని తికమక పెడతాయి. నడుస్తున్నప్పుడు చెయ్యి ఊగకుండా ఉండదు కాబట్టి నడక పరీక్షలో ఈ ఇబ్బంది రెట్టింపు.

అంకె నమ్మదగిందో కాదో తెలుసుకునే చిట్కా ఒకటుంది. ఆక్సీమీటర్ చూపించే నాడి వేగాన్ని చేత్తో పట్టి చూసిన నాడితో పోల్చండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఆక్సిజన్ అంకెని కూడా నమ్మొచ్చు. నాడి 110 కొడుతుంటే మిషన్ 62 చూపిస్తోందంటే పక్కనున్న ఆక్సిజన్ అంకెని పట్టించుకోకండి. తెర మీద అల వచ్చే రకమైతే ఆ అల నిండుగా, ఒకేలా వస్తోందో లేదో చూడాలి. వేళ్లు చల్లగా ఉంటే ముందే అరచేతులు రుద్ది వెచ్చబెట్టుకోండి. క్లిప్ ఉన్న చెయ్యిని ఛాతీకి దగ్గరగా, కదలకుండా పట్టుకుని నడిస్తే చాలావరకు సరిపోతుంది. అప్పటికీ కుదరకపోతే చెవి తమ్మెకో నుదుటికో పెట్టే సెన్సర్లు వాడతారు.

ఇక మిషన్ బాగానే ఉన్నా రెండు మూడు శాతం అటూ ఇటూ ఉండటం సహజం. అంటే 88కీ 90కీ మధ్య తేడా నిజంగా మీ ఒంట్లోదో, మిషన్‌దో చెప్పలేం. నల్లటి చర్మం ఉన్నవాళ్లలో ఆక్సీమీటర్ ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉందని కూడా తేలింది. కాబట్టి అంకె గీత మీద ఊగుతున్నప్పుడు, ముఖ్యంగా కూర్చున్నప్పుడు కూడా ఆక్సిజన్ కావాలా అని తేల్చేటప్పుడు, మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీసి చేసే పరీక్ష అడుగుతారు. అది కొంచెం నొప్పిగా ఉంటుంది. అయినా వద్దనకండి, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందా అన్న సంగతి ఆక్సీమీటర్ ఎప్పటికీ చెప్పలేదు.

అసలు నడక

1. దారి: మనుషులు అడ్డురాని, చదునైన, గట్టి నేల ఉన్న 30 మీటర్ల వరండా కావాలి. రెండు చివరలా కోన్లు పెడతారు. ఒక రౌండ్ అంటే పోయి రావడం, 60 మీటర్లు. దారి 15 మీటర్లే అయితే మలుపులు ఎక్కువై దూరం తగ్గుతుంది. అందుకే ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట నడిచి ఆ రెండు దూరాలూ పోల్చుకుని బెంబేలెత్తకండి.

2. కూర్చోవడం: మొదలుపెట్టే చోట కుర్చీలో 10 నిమిషాలు ఊరికే కూర్చోండి. అప్పుడు బీపీ, నాడి, ఆక్సిజన్ రాసుకుంటారు. ఆయాసం ఎంత ఉంది, కాళ్లలో అలసట ఎంత ఉంది అని 0 నుంచి 10 వరకు ఉండే బోర్గ్ పట్టీ చూపించి అడుగుతారు. 0 అంటే ఏమీ లేదు, 10 అంటే ఇక భరించలేను. మొహమాటం లేకుండా నిజం చెప్పండి. "పర్లేదండీ" అన్నది ఆ పట్టీలో లేదు.

3. సూచనలు: ఆరు నిమిషాల్లో వీలైనంత ఎక్కువ దూరం నడవాలి, పరుగెత్తకూడదు. ఆయాసం వస్తే వేగం తగ్గించొచ్చు, ఆగొచ్చు, గోడకి ఆనుకోవచ్చు. ఓపిక రాగానే మళ్లీ నడవాలి. మీరు ఆగినా గడియారం ఆగదు.

4. మొదటి నిమిషం: ఎక్కువమంది చేసే పని, చూపించుకోవడానికన్నట్టు మొదటి రెండు రౌండ్లు జోరుగా నడిచి మూడో నిమిషంలో గోడ పట్టుకోవడం. ఆరు నిమిషాలూ లాగగలిగే వేగంతో మొదలుపెట్టండి. పక్కవాళ్లతో మాట్లాడకండి, మాటలకి ఊపిరి ఖర్చవుతుంది.

5. చేయించేవాళ్లు: టెక్నీషియన్ మీకంటే ముందు గానీ, మీ పక్కనే మీ వేగాన్ని నడిపిస్తున్నట్టు గానీ నడవకూడదు. ఆక్సీమీటర్ చూడటానికి కూడా కాస్త వెనకాలే ఉండాలి. నిమిషానికోసారి ముందే రాసిపెట్టుకున్న మాటలే చెబుతారు: "బాగా నడుస్తున్నారు, ఇంకా ఐదు నిమిషాలుంది", "ఇలాగే నడవండి, సగం అయిపోయింది". మరీ చప్పగా చెబుతున్నారు అనిపించొచ్చు. కానీ హుషారుగా కేకలేస్తే మనిషి ఇంకా ఎక్కువ నడుస్తాడు, ఈసారి కేకలేసి వచ్చేసారి వేయకపోతే రెండు దూరాల్ని పోల్చడం కుదరదు. తోడు వచ్చినవాళ్లు కూడా పక్కన నిలబడి "నడు నడు" అనకుండా కూర్చోవాలి.

6. ఆపాల్సినప్పుడు: ఛాతీనొప్పి, తట్టుకోలేని ఆయాసం, కాళ్లు పట్టేయడం, తూలడం, ఒళ్లంతా చెమటలు పట్టడం, మొహం పాలిపోవడం. వీటిలో ఏది వచ్చినా వెంటనే చెప్పండి, ఓర్చుకోవద్దు. ఆక్సిజన్ 80 కంటే కిందకి పడితే చేయించేవాళ్లే ఆపేస్తారు. కాసేపటికి 85కి ఎక్కితే, ఆరు నిమిషాలు ఇంకా అవకపోతే, మళ్లీ నడవనిస్తారు.

7. ఆరో నిమిషం: "ఆగండి" అనగానే ఉన్నచోటే ఆగిపోండి. కుర్చీ కోసం వెనక్కి నడవొద్దు, కుర్చీయే మీ దగ్గరికి వస్తుంది. ఆయాసం, కాళ్ల అలసట మళ్లీ అడుగుతారు. వాటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి: "ఇంకా ఎక్కువ నడవకుండా మిమ్మల్ని ఆపింది ఏమిటి?" ఆయాసమా, మోకాళ్లా, పిక్కలా, భయమా? మోకాళ్ల నొప్పి వల్ల ఆగిన మనిషికి ఆక్సిజన్ పెంచితే ఉపయోగం ఏముంటుంది?

8. ఆగాక: ఆక్సీమీటర్ వెంటనే తీయనివ్వకండి. ఊపిరితిత్తిలోంచి రక్తం వేలి కొసకి చేరడానికి, మిషన్ దాన్ని లెక్కగట్టి చూపించడానికి కాస్త సమయం పడుతుంది. అందుకే కొందరిలో అన్నిటికంటే తక్కువ అంకె, నడక ఆపిన తర్వాతి అర నిమిషంలో కనిపిస్తుంది. రిపోర్ట్‌లో రాయాల్సింది ఆ కనిష్ఠ అంకె. చివర్లో ఎంత ఉందన్న అంకె ఒక్కటే రాస్తే, పడి లేచిన సంగతి పోతుంది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాయమనండి.

మొదటిసారి నడిచేవాళ్లకి పరీక్ష రెండుసార్లు చేయాలి, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. దారి, మలుపులు, తన వేగం అలవాటయ్యాక రెండోసారి చాలామంది ఎక్కువ దూరం నడుస్తారు. రెండిట్లో ఎక్కువ దూరమే లెక్కలోకి తీసుకుంటారు. రద్దీ ఉన్నచోట ఒక్కసారితో సరిపెట్టేస్తుంటారు. ఆక్సిజన్ ఎంత పడిందో చూడటానికి ఒక్కసారి చాలేమో గానీ, మందు పనిచేసిందా లేదా అన్నది దూరాన్ని బట్టి చెప్పాలంటే మాత్రం రెండుసార్లు అడగండి.

ఆక్సిజన్ ఎన్ని లీటర్లు? అసలు లెక్క ఇక్కడే

ఆక్సిజన్ పెట్టకుండా నడిచినప్పుడు అంకె 88కి గానీ అంతకంటే కిందకి గానీ పడితే, తర్వాతి అడుగు ఆక్సిజన్‌తో నడిపించడం. పూర్తిగా తేరుకునేదాకా, సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు కూర్చోవాలి. ఆ తర్వాత కాన్యులా పెట్టి, నిమిషానికి 1 లేదా 2 లీటర్ల దగ్గర మొదలుపెట్టి నడిపిస్తారు. అంకె మళ్లీ పడితే ఆపి, విశ్రాంతి ఇచ్చి, లీటరు చొప్పున పెంచి మళ్లీ నడిపిస్తారు. నడిచినంతసేపూ 90 దగ్గర గానీ పైన గానీ నిలబెట్టే అతి తక్కువ లీటర్లు ఎన్నో, అదే మీ నడక లెక్క. ప్రతిసారీ ఆరు నిమిషాలు నడిపిస్తే మనిషి డీలా పడిపోతాడు. అందుకే మధ్యలోవి రెండు మూడు నిమిషాల చిన్న నడకలుగా పెట్టి, చివరికి తేలిన లీటర్లతో ఒక్క పూర్తి నడక నడిపించడం మంచి పద్ధతి. ఒక్కరోజులో కాకపోతే ఇంకోరోజు రమ్మన్నా ఫర్వాలేదు.

ఇప్పుడు మీ మిషన్ వెంట తెమ్మన్నది ఎందుకో చెబుతాను. ఆసుపత్రి సిలిండర్‌లోంచి ఆక్సిజన్ ఆగకుండా వస్తూ ఉంటుంది, 2 లీటర్లంటే నిమిషానికి 2 లీటర్లే. భుజానికి తగిలించుకునే చిన్న కాన్సంట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్లు) చాలావరకు అలా ఇవ్వవు. మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా ఒక్కో విడత వదులుతాయి. వాటి మీద ఉండే 1, 2, 3 అన్నవి లీటర్లు కాదు, సెట్టింగ్‌లు మాత్రమే. సెట్టింగ్ 2 ఎంత ఆక్సిజన్ ఇస్తుందన్నది ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. పైగా వేగంగా నడిచి ఊపిరి ఎగబీల్చేటప్పుడు కొన్ని మిషన్లు విడత పరిమాణం తగ్గించేస్తాయి, నోటితో పీల్చే వాళ్లకి ఊపిరి మొదలైన సంగతే మిషన్‌కి అందకపోవచ్చు. కాబట్టి ఆసుపత్రి సిలిండర్ మీద 2 లీటర్లతో 92 వచ్చిందని ఇంట్లో మిషన్‌ని 2కి తిప్పుకుంటే అక్కడ 85 ఉండొచ్చు. ఏ మిషన్‌తో బయట తిరుగుతారో దాంతోనే, దాన్ని మీరే మోస్తారో చక్రాల మీద లాక్కెళ్తారో అలాగే నడిచి చూడాలి. నాలుగైదు కిలోల సిలిండర్‌ని పరీక్షలో టెక్నీషియన్ మోసి, ఇంటికెళ్లాక మీరు మోయాల్సి వస్తే ఆ పరీక్షకి విలువ లేదు. కొత్త మిషన్ కొనే ముందు దాంతో ఒకసారి నడిచి చూసే వీలుందా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే, తీరా ఇంటికి తెచ్చుకున్నాక ఆ మిషన్ మీకు చాలడం లేదని తేలొచ్చు.

రిపోర్ట్ ఎలా ఉంటుందో ఒక నమూనా చూద్దాం. ఐఎల్‌డీ ఉన్న మనిషి అనుకోండి.

ఆక్సిజన్ లేకుండా: కూర్చున్నప్పుడు 95. నడకలో నిమిషం నిమిషానికీ 92, 89, 86, 84, 84, 84. కనిష్ఠం 83, ఆగిన 20 సెకన్లకు. దూరం 310 మీటర్లు. ఆయాసం 1 నుంచి 6కి.
2 లీటర్లతో, 3 నిమిషాల నడక: కూర్చున్నప్పుడు 97, కనిష్ఠం 87.
4 లీటర్లతో, పూర్తి నడక: కూర్చున్నప్పుడు 98, కనిష్ఠం 91. దూరం 365 మీటర్లు. ఆయాసం 1 నుంచి 4కి.

దీన్నిబట్టి కూర్చున్నప్పుడు ఈయనకి ఆక్సిజన్ అక్కర్లేదు, నడిచినప్పుడు 4 లీటర్లు కావాలి. ఆయాసం కూడా తగ్గింది, దూరం 55 మీటర్లు పెరిగింది. సుమారు 30 మీటర్లు దాటిన మార్పుని మనిషికి తెలిసే మార్పుగా లెక్కేస్తారు, కాబట్టి ఇది మంచిదే. అయితే ఆ 55లో కొంత, దారి అలవాటవడం వల్ల కూడా వచ్చి ఉండొచ్చని గుర్తుంచుకోవాలి. అదే అంకె 83 నుంచి 91కి ఎక్కినా ఆయాసం 6 దగ్గరే ఉండి, దూరం కూడా పెరగలేదనుకోండి. అప్పుడు సిలిండర్ మోసే కష్టానికి తగిన ఫలితం ఉందా అన్నది డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

నడిస్తే పడింది కదా, ఆక్సిజన్ రాయించేసుకుందాం అనుకోవడానికి లేదు. సీఓపీడీలో కూర్చున్నప్పుడే 88 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నవాళ్లకి రోజుకి కనీసం 15 గంటలు ఆక్సిజన్ వాడితే ఆయుష్షు పెరుగుతుంది. 1980, 1981ల్లో వచ్చిన రెండు ముఖ్యమైన అధ్యయనాల నుంచి ఆ మాటకి గట్టి ఆధారం ఉంది. కానీ కూర్చున్నప్పుడు 89 నుంచి 93 మధ్య ఉన్నవాళ్లు, నడిస్తే ఓ మోస్తరుగా మాత్రమే పడేవాళ్లు మొత్తం 738 మంది మీద జరిపిన అధ్యయనం 2016లో వచ్చింది. వాళ్లలో ఆక్సిజన్ ఇచ్చినా ఇవ్వకపోయినా మరణాల్లో గానీ, ఆసుపత్రిలో చేరడంలో గానీ తేడా కనిపించలేదు. ఐఎల్‌డీలో మాత్రం నడిచినప్పుడు 88కి పడేవాళ్లకి ఆక్సిజన్ పెట్టి నడిపిస్తే రెండు వారాల్లోనే రోజువారీ జీవితం మెరుగైందని 2018లో తేలింది. కాబట్టి ఒకే అంకె వచ్చిన ఇద్దరికి, జబ్బు వేరైతే, సలహా కూడా వేరుగా ఉండొచ్చు. పక్కింటాయనకి సిలిండర్ రాశారు, నాకెందుకు రాయలేదు అని గొడవ పడక్కర్లేదు.

ఇంట్లో చేసుకోవచ్చా?

పూర్తి పరీక్షకి బదులుగా కాదు. రెండు ఆసుపత్రి పరీక్షల మధ్య ఒక చూపు వేసి ఉంచడానికి అయితే, డాక్టర్ చేయమంటే, ఇంకో మనిషి పక్కన ఉన్నప్పుడు చేసుకోవచ్చు. కూర్చున్నప్పుడే అంకె మీ మామూలు కంటే తక్కువగా ఉన్న రోజు ఈ జోలికే పోకండి.

చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి పెట్టండి. కాసేపు కూర్చుని అంకె రాసుకోండి. చేతులు ఛాతీ మీద పెట్టుకుని, ఒక నిమిషంలో ఓపిక ఉన్నన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. పక్కనున్నవాళ్లు లెక్కపెడుతూ, టైమ్ చూస్తూ, అంకె కనిపెడుతూ ఉండాలి. నిమిషం అయ్యాక కూడా రెండు నిమిషాలు ఆక్సీమీటర్ తీయకండి, ఈ పరీక్షలో కనిష్ఠం చాలాసార్లు ఆగిన తర్వాతే వస్తుంది. ఎన్నిసార్లు లేచారు, కనిష్ఠం ఎంత, ఆయాసం ఎంత అని మూడు అంకెలు తేదీతో రాసిపెట్టుకోండి. మోకాళ్లు, నడుము బాగోలేని వాళ్లు ఇది మానేసి, రోజూ నడిచే దారిలోనే అంకె చూసుకోవడం మేలు.

ఇంట్లో వచ్చిన అంకె చూసి ఆక్సిజన్ మీరే పెంచేసుకోకండి. సీఓపీడీ ఉన్న కొందరిలో ఆక్సిజన్ మరీ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. ఉదయం తలనొప్పి, మత్తు, అయోమయం దానికి గుర్తులు. అలాగే కూర్చున్నా అంకె 88 కిందే ఉండిపోతే, పెదవులు నీలంగా మారితే, ఛాతీనొప్పి వస్తే, మాట తడబడితే అది పరీక్ష చేసుకునే సమయం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మళ్లీ ఎప్పుడు నడవాలి

జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో చేరి, ఆక్సిజన్‌తో ఇంటికి వచ్చారా? అయితే రెండు మూడు నెలల్లోపు మళ్లీ పరీక్ష చేయించుకోండి. అప్పటికి తేరుకుని ఆక్సిజన్ అక్కర్లేని స్థితికి వచ్చినవాళ్లు కూడా, ఎవరూ మళ్లీ చూడకపోవడం వల్ల ఏళ్ల తరబడి వాడుతూ ఉంటారు. నిలకడగా ఉన్నవాళ్లు ఏడాదికోసారి, ఐఎల్‌డీ లాంటి ముదిరే జబ్బులున్నవాళ్లు ఇంకా తరచుగా, మిషన్ మార్చిన ప్రతిసారీ తప్పకుండా నడిచి చూడాలి.

పరీక్ష అయ్యాక ప్రిస్క్రిప్షన్ చేతికి వచ్చినప్పుడు దాని మీద ఒకే ఒక్క అంకె ఉంటే తీసుకుని వచ్చేయకండి. కూర్చున్నప్పుడు ఎన్ని లీటర్లు, నడిచినప్పుడు ఎన్ని లీటర్లు, నిద్రలో ఎన్ని లీటర్లు అని మూడూ విడివిడిగా రాయించుకోండి. చిన్న మిషన్ వాడేవాళ్లయితే లీటర్లు కాకుండా ఏ మిషన్, ఏ సెట్టింగ్ అన్నది రాయించుకోండి. నడక పరీక్షతో నిద్ర సంగతి తెలియదు, దానికి రాత్రంతా ఆక్సీమీటర్ పెట్టి చూడాలి. ఆ అంకె ఇంకా ఖాళీగా ఉంటే ఆ పరీక్ష ఎప్పుడని అక్కడే అడిగేయండి.